ఱాతిలోని ఇనుము



నాగటి కఱ్ఱు వానలో తడిసి నాలుగు దినములు మూల పడియుండెనేని ఎఱ్ఱని తుప్పు పట్టునని మీకు నేను చెప్పనక్కఱలేదు. అయితే ఆ కఱ్ఱు దున్నుచున్న ఎఱ్ఱనేలలోని ఎఱుపును తుప్పే యనియు, ఆ నేలకు తల్లియైన కొండఱాయి కొన్ని లక్షల సంవత్సరములుగా తుప్పుపట్టుచునే యున్నదనియు చెప్పినచో కొందఱకు వింతగా తోచవచ్చును. ఈ పూట ప్రసంగమునకు అదియే విషయము. ఇది కేవలము ఱాళ్ల ముచ్చట యని మీరు లేచిపోవలదు. మీ బోరులో నీరు ఎంత లోతున దొరకునో, ఆ నీరు త్రాగిన పిల్లల పండ్లు కొన్ని ఊళ్లలో ఏల గారపట్టునో, చేనికి వేసిన సూపరుఫాస్ఫేటు ఎచ్చటికి పోవుచున్నదో, ఈ మూడు సంగతులును ఆ తుప్పుతో ముడిపడియున్నవి.

తెలంగాణమందును, రాయలసీమలో చాలభాగమందును నేలక్రింద నున్నది గ్రానైటు జాతి ఱాయి. దాని వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములు. క్రొత్తగా పగులగొట్టిన ముక్కను ఎండలో పట్టి చూడుడు. గాజువలె మెఱయు పలుగుఱాయి యొకటి. తెలుపో గులాబివన్నెయో గల ఫెల్డ్‌స్పారు మఱియొకటి. నల్లగా రేకులు రేకులుగా లేచు అభ్రకము మూడవది. ఈ మూడవదానిని శాస్త్రజ్ఞులు బయొటైటు అందురు. మనము నల్ల అభ్రకమందము. వాగుటిసుకలో బంగారు వన్నెతో తళతళలాడు రేకులను పిల్లలు ఏరి కాకిబంగారమని దాచుకొనుట మీరు చూచియే యుందురు. ఆ రేకులలో చాలభాగము వయస్సు మీఱిన నల్ల అభ్రకమే. నల్లనిది బంగారువన్నె ఎట్లు తాల్చెనో తెలిసికొన్నచో తక్కిన కథ యంతయు తెలిసినట్లే.

భూమిపై నుండు ఱాళ్లలో అధికభాగము సిలికేటులు. సిలికాను పరమాణువు ఒకటి నడుమ కూర్చుండగా దాని చుట్టు నాలుగు ఆమ్లజని పరమాణువులు చేరును. ఇట్టి గుంపులు ఒకదానితో నొకటి చేతులు కలిపి గొలుసులుగానో, రేకులుగానో, నాలుగు దిక్కుల అల్లికగానో ఏర్పడును. ఆ అల్లికలోని సందులలో ఇనుము, మెగ్నీషియము, సున్నము, పొటాషియము వంటివి చోటు చేసికొనును. గ్రానైటులో ఇనుము మిక్కిలి తక్కువ. నూఱు మణుగుల ఱాతిలో ఇనుపభస్మము రెండు మూడు మణుగులకు మించి తఱుచుగా ఉండదు. కాని ఆ కొంచెమును నల్ల అభ్రకమునందును, హార్న్‌బ్లెండు అను మఱియొక నల్లని ఖనిజమునందును పోగుపడియుండును. నల్ల అభ్రకపు బరువులో సుమారు ఐదవవంతు ఇనుపభస్మమే.

ఇక ఇనుము సంగతి. ఎలక్ట్రానులను విద్యుత్కణములను పోగొట్టుకొనుటలో ఇనుమునకు రెండు మెట్లున్నవి. రెండు కణములను పోగొట్టుకొన్న ఇనుమును ఫెరసు ఇనుమందురు. మూడవదానిని కూడ పోగొట్టుకొన్నచో అది ఫెరికు ఇనుము. మొదటిది చాలవఱకు ఆకుపచ్చ, నలుపు, బూడిద వన్నెలను ఇచ్చును. నీటిలో సులభముగా కరగిపోవును. రెండవది పసుపు, ఎఱుపు వన్నెలది. మంచినీటిలో ఇంచుమించుగా కరగనే కరగదు. ఆ మూడవ కణమును లాగికొనునది గాలిలోని ఆమ్లజని. ఆమ్లజని గాలిలో జంటగా తిరుగును. ఒక్కొక్క జంట నాలుగు ఫెరసు ఇనుములనుండి తలకొక్క కణము చొప్పున లాగికొనును. తుప్పు అనగా ఇదియే. ఇనుము కఱ్ఱులో నున్నను, ఱాతిలో నున్నను ఆమ్లజని విడిచిపెట్టదు.

భూగర్భమున ఱాయి కరగి గట్టిపడుచున్న కాలమున అచ్చట ఆమ్లజని వాయువు లేదు. కావుననే ఱాతిలోని ఇనుము చాలవఱకు ఫెరసు స్థితిలోనే యుండిపోయినది. ఆ మాటకు వచ్చినచో ఆదిలో ఈ భూమిపై గాలిలోను ఆమ్లజని లేదు. అది చెప్పుకోదగినంత చేరి సుమారు 240 కోట్ల సంవత్సరములైనదని శాస్త్రజ్ఞుల నిర్ణయము. అంతకుమునుపు ఱాళ్లనుండి విడివడిన ఇనుము ఎఱ్ఱబడక, నీటిలో కరగి, సముద్రము చేరెడిది. అనంతపురము జిల్లా ఓబుళాపురము కొండలలోను, ప్రక్కనున్న సండూరు కొండలలోను చారలు చారలుగా కనబడు ఇనుపఱాయి అట్టి పురాతన సముద్రముల అడుగున పేరినది. మన ఎఱ్ఱనేల వంటి నేల ఆనాటి భూమిపై ఉండియుండదు.

ఇప్పుడు నల్ల అభ్రకము కడకు వత్తము. దాని కట్టడము చాపల దొంతర వంటిది. ఒక్కొక్క చాప మరల మూడు పొరలు: పైన సిలికా రేకు, క్రింద సిలికా రేకు, నడుమ ఇనుమును మెగ్నీషియమును గల రేకు. చాపకును చాపకును నడుమ పొటాషియము పరమాణువులు గుబ్బలవలె దిగబడి రెండింటిని అదిమిపట్టియుంచును. చాపయందు కొంత ఋణవిద్యుత్తు ఉన్నది. పొటాషియమునకు ధనవిద్యుత్తు. ఆ అప్పు ఉన్నన్నాళ్లు ఈ జామీను అచ్చట నుండవలసినదే.

గాలి కలిసిన వాననీరు ఱాతి పగుళ్లగుండ దిగి ఈ దొంతరను చేరును. నడుమ రేకులోని ఫెరసు ఇనుమునుండి ఆమ్లజని ఒక్కొక్క కణమును లాగికొనును. కణము పోయిన చోటెల్ల ధనవిద్యుత్తు ఒక పాలు పెరుగును. అనగా చాప యొక్క అప్పు తీఱుచు వచ్చును. లెక్క సరిపడుటకు ఏదో యొకటి బయటికి పోవలెను. కొన్నిచోట్ల నడుమ రేకున నున్న ఉదజని విడిపోవును. కొన్నిచోట్ల ఇనుమో మెగ్నీషియమో లేచిపోవును. చాపల సందున నున్న పొటాషియమును జాఱిపోవును. ఏది ముందు, ఏది వెనుక యనుదానిపై పండితులలో వాదములున్నవి. ఆమ్లజని తాకుడు కొన్ని సందర్భములలో మిగిలిన పొటాషియమును మఱింత బిగించునని చూపినవారును కలరు. ఆ తగవు మనకు వలదు. కడకు జరుగునది మాత్రము స్పష్టము: పొటాషియము మెల్లమెల్లగా వెడలును, ఆ సందులలో నీరును మెగ్నీషియము వంటివియు చేరును, నలుపు పోయి కంచువన్నె వచ్చును. కాకిబంగారమనునది ఇదియే. పూర్తిగా మాఱినదానిని వర్మిక్యులైటు అందురు. లాటిను భాషలో పురుగు అను మాటనుండి ఈ పేరు వచ్చినది. ఏలయనగా దానిని నిప్పులపై వేసినచో లోని నీరు ఆవిరియై, రేకులు విప్పుకొని, పురుగువలె మెలితిరుగుచు పది రెట్లకు మించి పొడవగును. నెల్లూరు అభ్రకసీమలో ఇది దొరకుచున్నది.

ఈ మార్పులో ముఖ్యమైన అంశము మఱియొకటి కలదు. అభ్రకములో ఒక్కొక్క చాప మందము పది పాళ్లనుకొన్నచో, వర్మిక్యులైటులో అది పదునాలుగు పాళ్లు. అనగా రేకు ఉబ్బును. ఇఱుకైన గదిలో నానబెట్టిన సెనగలబస్తా వలె, చుట్టునున్న పలుగుఱాతిని ఫెల్డ్‌స్పారును నెట్టును. ఱాయి నెఱ్ఱెలు విచ్చును. నెఱ్ఱెలగుండ మఱింత గాలి, మఱింత నీరు దిగును. మఱింత అభ్రకము ఉబ్బును. ఫెల్డ్‌స్పారు ఇంకను తెల్లగా గట్టిగా ఉండగనే ఱాయి చేతితో నలిపినంత పొడి యగుట మీరు మొరపుగుంటలలో చూచి యుందురు. ఆ పనిలో పెద్దపాలు అభ్రకపు ఉబ్బునదే. మన మొరము పుట్టుక ఇట్టిది.

గుండ్రని గుండ్లు ఒకదానిపై నొకటి పేర్చినట్లుండు గుట్టలు హైదరాబాదు చుట్టుప్రక్కల ఎన్నియో కలవు. భీముడు బంతులాడినాడని ఊరివారు కథ చెప్పుకొనవచ్చును, నేను కాదనను. అయితే చదరపు పగుళ్లు గల ఱాతిబండలో మూలలు మూడువైపులనుండి తుప్పుపట్టును, అంచులు రెండువైపులనుండి, ముఖములు ఒక్కవైపునుండియే. కావున మూలలు ముందుగా రాలి, నడుమ ఉల్లిగడ్డ వంటి గుండు మిగులును. పై మొరము వానలకు కొట్టుకొనిపోగా గుండ్లు బయటపడును. పోర్టోరికో దీవిలోని లుక్విలో పర్వతములలో ఇట్టి గుండ్ల చుట్టు అంగుళము మందము గల పొరలు ఉల్లిపొరలవలె ఊడుటను పరిశోధించి, 2006లో కొందఱు శాస్త్రజ్ఞులు అభ్రకములోని ఫెరసు ఇనుము ఫెరికుగా మాఱునపుడు కలుగు ఉబ్బే దానికి కారణమని లెక్కవేసి చూపిరి. ఆ పర్వతములలోనే మఱియొక వింత బయటపడినది. కంటికి కనబడని సూక్ష్మజీవులు కొన్ని ఆ ఱాతిలోని ఇనుమునుండి కణములను లాగి ఆమ్లజనికి అందించుచు, ఆ నడుమ వచ్చు శక్తితో బ్రతుకుచున్నవట. ఇది 2019లో ప్రకటింపబడినది. ఇనుముతో బ్రతుకు సూక్ష్మజీవులున్నవని రష్యాదేశీయుడగు వినోగ్రాడ్‌స్కీ 1888లోనే చెప్పియుండెను. పాతబావుల గోడలపై ఎఱ్ఱని జిగురు పట్టుట ఇట్టి జీవుల పనియే.

ఇప్పుడు బోరు సంగతి చెప్పెదను. ఇది కొంచెము నిదానముగా వినుడు. హైదరాబాదునకు దక్షిణమున మహేశ్వరము కలదు. అచ్చటి గ్రానైటు నేలను జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ వారును ఫ్రాన్సుదేశపు పరిశోధకులును కలిసి చాలకాలము పరీక్షించిరి. వారు తేల్చిన క్రమమిది. పైన మొరము, అడుగున మెత్తబడిన ఱాయి, రెండును కలిసి పది పదునైదు మీటర్లు. దాని క్రింద ఱాయి గట్టిదే గాని, అడ్డముగా పగుళ్లు దట్టముగా గలది. ఈ పగుళ్లు పైనుండి సుమారు 40 మీటర్ల లోతునకే, అనగా 130 అడుగుల దరిదాపుననే, పలుచబడిపోవును. అటు పిమ్మట నున్నది పచ్చి బండ. ఆ పగుళ్లకు భూకంపములు కారణము కావు. పైనుండి దిగిన నీటికిని గాలికిని అభ్రకము వంటి ఖనిజములు ఉబ్బుటయే ముఖ్యకారణమని వారి అభిప్రాయము. పై మెత్తని పొర నీటిని దాచు కుండ. క్రింది పగుళ్ల పొర ఆ నీటిని బోరునకు అందించు కాలువ. కావున తుప్పు ఎంత లోతునకు దిగినదో సామాన్యముగా నీరును అంతవఱకే. గ్రానైటులోను లోతైన పగుళ్లు అక్కడక్కడ ఉండవచ్చును, నేను లేవనను. కాని రెండువందల అడుగులలో నీరు పడని చోట ఎనిమిదివందలు, వేయి అడుగులు దింపుట నూటికి తొంబది పాళ్లు పచ్చిబండను తొలుచుటకు కూలి యిచ్చుటయే యని నా తలంపు. ఆ కూలికై భార్య మెడలోని పుస్తె తాకట్టు పెట్టినవారు ప్రతి ఊరనున్నారు. బోరు వేయునపుడు గొట్టమునుండి వెలువడు ఱాతిపొడిని చూచుచుండుడు. అందు పసుపు, ఎఱుపు, కంచు వన్నెలు కనబడుచున్నంతవఱకు గాలియు నీరును ఆ త్రోవ నడచినవని గుఱుతు. పొడి తెల్లగానో బూడిదవన్నెగానో మాఱి, అందు అభ్రకపు రేకులు నల్లగా నిగనిగలాడుచు వచ్చినచో, అచ్చటికి తుప్పు దిగలేదన్నమాట.

మొరపుదిబ్బలను లారీలకెత్తి బాటలకు పోయుటను గూర్చియు ఈ సందర్భముననే ఒక మాట. అంగుళము మొరము ఏర్పడుటకు వేలకొలది సంవత్సరములు పట్టును. దానిని తవ్వి తీసికొనిపోయినచో పోవునది మట్టి మాత్రమే కాదు, క్రింది బోరులకు నీరిచ్చు కుండ.

ఇనుము గల సిలికేటులన్నియు ఒకే తీరున తుప్పుపట్టవు. అమెరికాలోని మిన్నెసోటా ఱాళ్లను పరీక్షించి గోల్డిచ్ అను పండితుడు 1938లో ఒక వరుస చెప్పెను. ఆలివీను అన్నిటికంటె ముందు చెడును. పిమ్మట పైరాక్సీను, తరువాత హార్న్‌బ్లెండు, ఆ వెనుక నల్ల అభ్రకము. పలుగుఱాయి కడపటిది. నిప్పులలో ముందు పుట్టినది గాలిలో ముందు నశించునని సూక్ష్మముగా చెప్పవచ్చును. తూర్పు కనుమల ఱాళ్లలో గార్నెటు అను ఎఱ్ఱని మణిఱాయి విస్తారము. అదియు ఇనుము గల సిలికేటే. విశాఖపట్టణమునకును భీమునిపట్టణమునకును నడుమ సముద్రపుటొడ్డున ఎఱ్ఱమట్టి దిబ్బలు కలవు. వానిని చూచినవారు మఱవరు. అచ్చటి ఇసుకలో గార్నెటు వంటి ఖనిజములు చెడగా వెలువడిన ఇనుము, ఒక్కొక్క ఇసుకరేణువునకు పలుచని ఎఱ్ఱని తొడుగు తొడిగినది. ఇసుక తెల్లనిదే, తొడుగు మాత్రమే ఎఱ్ఱనిది.

ఆ తొడుగు సంగతి కొంత చెప్పవలెను. విడివడిన ఫెరికు ఇనుము నీటితో కలిసియున్నచో పసుపువన్నె గల గోయెథైటు అగును. జర్మను కవి గోయెథే పేరు దానికి పెట్టిరి. నీరు లేక ఎండిపోయినచో రక్తపువన్నె గల హెమటైటు అగును. చల్లని తడినేలలలో పసుపు, వేసవి మండు సీమలలో ఎఱుపు మిక్కుటమగుట అందువలననే. ఆడవారు గోడలకు పూయు జాజును, సన్యాసులు బట్టలకద్దు కావిఱాయియు ఈ హెమటైటు రంగులే. పసుపు మట్టిని పెంకుపై వేసి కాల్చి చూడుడు, ఎఱ్ఱబడును. కుమ్మరి ఆవములో గాలి బాగుగా ఆడిన కుండ ఎఱ్ఱగా దిగును. పొగ కమ్మి గాలి అందని కుండ నల్లబడును. ఆ నలుపులో బొగ్గుకును పాలు కలదు. మన ప్రాంతమున రాక్షసగుళ్లని పిలువబడు పురాతన సమాధులలో దొరకు కుండలు లోపల నలుపు, వెలుపల ఎఱుపు. ఇనుమునకు గాలిని ఇచ్చుటయు, ఇవ్వకుండుటయు చేతనైనవారు ఆనాడే యుండిరి. ఆకాశమున అంగారకుడు ఎఱ్ఱగా కనబడుటకును కారణము ఇట్టి ఇనుపధూళియే. 1976లో అచ్చట దిగిన వైకింగు యంత్రములు ఎఱ్ఱని నేలనే చూచినవి.

ఫెరసు ఫెరికుగా మాఱుటయేగాని తిరిగి రాదని తలపవలదు. ఎఱ్ఱనేలలో మడి కట్టి, దమ్ము చేసి, నీరు నిలువబెట్టుడు. నీరు గాలిని అడ్డగించును. బురదలోని సూక్ష్మజీవులు ఊపిరికి ఆమ్లజని లేక ఫెరికు ఇనుమునకే కణములను అప్పగించును. కొలదివారములలో బురద బూడిదవన్నెకు, నీలివన్నెకు తిరుగును. వరిమొక్కను పెఱికి చూచినచో వేళ్లపై మాత్రము తుప్పువన్నె పూత కనబడును. వరి తన ఆకులనుండి వేళ్లకు గాలిని దింపుకొనగల మొక్క గనుక, వేరు చుట్టునున్న ఇనుము అచ్చట మరల ఫెరికు అగుచున్నది. మడిమూలలలో నీటిపై నూనెతెట్టువంటిది తేలుటయు తఱుచుగా ఈ ఇనుపపొరయే. పుల్లతో కదపుడు. ముక్కలు ముక్కలుగా విఱిగినచో ఇనుపపొర; విఱుగక మరల కలిసికొన్నచో నిజమైన నూనె.

ఇందువలన రైతునకు లాభనష్టములున్నవి. ఇనుపతుప్పునకు భాస్వరమన్న మిక్కిలి ఆశ. మెట్టచేనిలో వెదజల్లిన సూపరుఫాస్ఫేటులో గొప్పభాగము మొక్కకు అందకముందే ఎఱ్ఱమట్టి రేణువులకు అంటుకొని బిగిసిపోవును. మడిలో నీరు నిలిచి తుప్పు కరగునపుడు ఆ భాస్వరము కొంత విడుదలయగును. కావుననే ఒకే నేలలో వరికి సరిపోయిన ఎఱువు, వేరుసెనగకు చాలదు. మెట్టపైరునకు దానిని పొలమంతయు చల్లుటకంటె, పశువుల ఎఱువుతో కలిపి విత్తనపు చాలు ప్రక్కన వేయుట మేలు.

కడపటి సంగతి బరువైనది. అభ్రకపు నడుమ రేకులో ఉదజని, ఆమ్లజని జంటగా కూర్చుండు పీటలు కలవని సూచించితిని. ఆ పీటలలో కొన్నింటిపై ఫ్లోరిను కూర్చుండును. నల్లగొండ సీమలోని గ్రానైటులందు ఫ్లోరిను గల ఖనిజములు అధికము. నల్ల అభ్రకముతోపాటు అపటైటు, ఫ్లోరైటు అనునవియు కలవు. ఱాయి నెఱ్ఱెలు విచ్చి అభ్రకము విడిపోవునపుడు ఫ్లోరిను నీటిలో చేరును. దీనికి ఆమ్లజని ఒక్కటియే బాధ్యుడు కాదు. క్షారగుణము గల నీటిలోని ఉదజని–ఆమ్లజని జంటలు ఫ్లోరిను పీటను తామాక్రమించి దానిని వెడలగొట్టును. తుప్పు చేసినది వాకిలి తెఱచుట. మఱియు వానలు తక్కువగు సీమలలో నీటిలోని సున్నము గడ్డకట్టి మట్టిలో తెల్లని గడ్డలుగా దిగిపోవును. సున్నము ఉన్నంతకాలము ఫ్లోరినును కొంత పట్టి ఆపును; అది పోయిన నీటిలో ఫ్లోరిను అడ్డులేక పెరుగును. చేనిలో సున్నపుగడ్డలు కనబడు ఊళ్లలో బావినీటిని ముందుగా అనుమానింపవలెను.

ఈ దేశమున ఎముకలు పట్టివేయు ఈ రోగమును గూర్చి వైద్యులు మొదట ప్రకటించినది 1937లో. చూచినది నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాముల ఫ్లోరైడు దాటరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ హద్దు. అది దాటినచో ముందుగా పిల్లల పండ్లపై గోధుమవన్నె చారలు వచ్చును. మిక్కిలి దాటిన నీటిని ఏండ్ల తరబడి త్రాగినచో వెన్ను వంగును, కీళ్లు కదలవు. నడివయస్సుననే కఱ్ఱ పట్టినవారిని నల్లగొండ పల్లెలలో చూచిన కన్నులు నావి. తాతతండ్రుల పాపమని వారిలో కొందఱనుకొనిరి. పాపము వారిది కాదు. వారి బావి త్రవ్విన బండది.

నీటిని కాచుటవలన ఫ్లోరైడు పోదు. నీరు ఇగిరి పాలు హెచ్చగును. పటికయు సున్నమును కలిపి, బాగుగా త్రిప్పి, తేఱనిచ్చి, పై నీటిని వంపుకొనుట నాగపూరులోని పరిశోధన సంస్థవారు కనిపెట్టిన పద్ధతి. దానికి నల్లగొండ పద్ధతియనియే పేరు. పాళ్లు తెలిసినవారు చేసినచో మంచిదే. పటిక ఎక్కువైనచో వేఱొక చెఱుపు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు బాలురకు చింతపండు ఇచ్చి చూడగా, మూత్రమున ఫ్లోరైడు హెచ్చుగా వెడలినదని తేలినది. పులుసు మానవలదని చెప్పుటకు అది చాలును గాని, అది చికిత్స కాదు. అన్నిటికంటె మేలైనది నది నీరు, చెఱువు నీరు, వాననీరు. ఏలయనగా అవి బండతో చిరకాలము చెలిమి చేసినవి కావు. 2016లో తెలంగాణమున మొదలైన మిషన్ భగీరథ వలన నదీజలము చాల పల్లెలకు చేరినది. అయినను గొట్టము చెడిన దినమున పాతబోరునే ఆశ్రయించు ఇండ్లు లేకపోలేదు. నీరు ఒక్కమారు పరీక్షించి ఊరకుండుటయు తగదు, ఏలన ఫ్లోరైడు ఋతువును బట్టి మాఱును. వానలు వెలిసిన పిమ్మట ఒకమారు, వేసవి కడపట మఱియొకమారు నమూనాను జిల్లా నీటిపరీక్షశాలకు పంపి, వచ్చిన రెండు అంకెలను బోరు లోతుతోపాటు పంచాయతీ పుస్తకమున వ్రాయించియుంచుడు.